సత్రములో దొరకని జాగ



డిసెంబరు నెల వచ్చిందంటే మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు ఏ ఊరు చూసినా మన విశ్వాసుల డాబాల మీద కాగితపు నక్షత్రాలు వేలాడుతుంటాయి. యౌవనస్థులు రాత్రి తొమ్మిది దాటాక డప్పులు, గిటార్లు పట్టుకొని ఇంటింటికీ క్యారల్స్ పాడటానికి బయలుదేరుతారు. తల్లులు పిండివంటలకు బియ్యము నానబెడతారు. పిల్లలు కొత్త బట్టలను పదిసార్లు మడత విప్పి చూసుకుంటారు. మందిరానికి సున్నము పడుతుంది. ఇవన్నీ మంచివే. పండుగను పండుగలా చేసుకోవడములో తప్పు లేదు. పరలోకమే పాటలతో చేసిన పండుగ ఇది.

అయితే డిసెంబరు 26 ఉదయము మందిరము ఊడ్చేటప్పుడు నాకు ప్రతి ఏటా ఒక ప్రశ్న ఎదురవుతుంది. రంగు కాగితాలు, కేకు డబ్బాలు, వాడిన పూలు అన్నీ గోనెసంచిలో వేసి బయట పెట్టాక, ఈ పండుగలో మన దగ్గర మిగిలినదేమిటి? వచ్చినవాడు మన దగ్గర ఉన్నాడా, లేక నక్షత్రముతోపాటు ఆయనను కూడా అటక మీద పెట్టామా? ఈ ప్రశ్నను ఈ నెల మీతో కలిసి ఆలోచించాలని కోరుతున్నాను.

ఎదురుచూపు లేని పండుగ

సంఘ సంవత్సరము జనవరితో మొదలు కాదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారములలో మొదటిదానితో ఆరంభమవుతుంది. ఈ నాలుగు వారములకు ఆగమన కాలమని పేరు. లాటిను భాషలో "రాక" అను అర్థమిచ్చే మాట నుండి ఇంగ్లీషువారి "అడ్వెంట్" వచ్చింది. పూర్వపు సంఘము ఈ దినములను విందులతో గడపలేదు. ఉపవాసముతో, ప్రార్థనతో, తమ్మును తాము పరీక్షించుకొనుటతో గడిపింది. అనేక సంఘములలో ఇప్పటికీ బలిపీఠము మీద ఊదారంగు వస్త్రము పరచడానికి కారణము ఇదే. 25వ తేదీన మొదలైన పండుగ పన్నెండు దినములు సాగి, జనవరి 6న జ్ఞానుల రాకను తలచుకొనే ప్రత్యక్షత పండుగకు చేరుతుంది.

మనము దీనిని తిరగవేశాము. డిసెంబరు మొదటి వారములోనే సెమీ క్రిస్మస్, తరువాత యునైటెడ్ క్రిస్మస్, ఆ తరువాత ఆఫీసులో, బడిలో, కాలనీలో క్రిస్మస్. అసలు దినము వచ్చేసరికి పాడి పాడి గొంతులు బొంగురుపోతాయి, కేకు మొహము మొత్తుతుంది. ఎదురుచూడవలసిన దినములలో విందు చేసుకొని, విందు చేసుకోవలసిన దినములలో అలసి పడుకుంటున్నాము.

ఎదురుచూపు అంటే ఏమిటో మన ప్రాంతానికి తెలియనిది కాదు. 2020లో లోకమంతా ఒక టీకా కోసము కళ్లు కాయలు కాచేలా చూసింది. ఆ టీకాలలో ఒకటైన కోవాక్సిన్ మన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో రూపుదిద్దుకొని, 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందింది. ఆ నెలల్లో మనలో ఎందరము తెల్లవారగానే ముందుగా వార్తలు చూడలేదు? "ఎప్పుడు వస్తుంది" అని అడగని ఇల్లు ఉన్నదా? ప్రాణభయము ఉన్నవాడు నిజముగా ఎదురుచూస్తాడు. సుమెయోను, అన్న అట్టివారు (లూకా 2:25-38). తమ జనము చీకటిలో ఉన్నదని తెలిసినవారు గనుక వృద్ధాప్యమందు కూడా దేవాలయము విడువలేదు. నాకు రక్షకుడు అవసరమని తెలియనివాడు డిసెంబరులో ఎంత పాడినా, అతడు ఎదురుచూసేది సెలవు కోసమే.

పన్నెండవ శతాబ్దపు భక్తుడైన క్లేర్వో బెర్నార్డు క్రీస్తు రాకలు మూడని బోధించాడు. బేత్లెహేములో దీనుడుగా వచ్చిన రాక ఒకటి. అంత్యదినమున మహిమతో వచ్చే రాక ఒకటి. ఈ రెంటి నడుమ ప్రతి దినము విశ్వాసి హృదయమునకు వచ్చే రాక ఒకటి. మొదటి రాకను నక్షత్రములతో జరుపుకొని, చివరి రాకను పాటలలో తలచుకొని, ఈ నడిమి రాకనే మనము తరచుగా గుర్తుపట్టము. ఈ వ్యాసము దాని గురించే.

జనసంఖ్య, ప్రయాణము

లూకా సువార్త రెండవ అధ్యాయము ప్రభుత్వ ఉత్తరువుతో మొదలవుతుంది. రోమా చక్రవర్తి జనసంఖ్య వ్రాయించుకొమ్మన్నాడు, ప్రజలు తమ తమ ఊళ్లకు బయలుదేరారు. ఈ సంగతిని తెలంగాణ ప్రజలకు వివరించనవసరము లేదు. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒకే దినమున సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు మనమే చూశాము. ముంబయి, భీవండి, సూరత్ వంటి చోట్లకు పనికి వెళ్లినవారు సైతము పిల్లాపాపలతో సొంత ఊళ్లకు పరుగెత్తారు. బస్సులలో నిలబడే చోటు లేదు. పట్నములో వీధులు బోసిపోయాయి, పల్లెలలో ఇండ్లు నిండిపోయాయి. ఏ ఇంట చూసినా చుట్టాలే. అరుగు మీద, దాలిలో, డాబా మీద చాపలు.

ఇప్పుడు యోసేపు మరియలను తలచుకోండి. నజరేతు నుండి బేత్లెహేముకు దారి వెంట సుమారు 130 నుండి 150 కిలోమీటర్లు. మేడ్చల్‌లో బయలుదేరి జాతీయ రహదారి మీద నిజామాబాదు దాకా నడిచినంత దూరము. నెలలు నిండిన తల్లి, పేద వడ్రంగి, వెంట ఒక మూట. లోక రక్షకుడు పుట్టకమునుపే వలస ప్రయాణము చేశాడు. పుట్టిన తరువాత హేరోదు భయమున ఐగుప్తుకు పారిపోయాడు (మత్తయి 2:13-15).

ఆ దారిని కూడా మన ఊరు చూసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, నాగపూరు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ మీదుగా వలస కూలీలు గుంపులు గుంపులుగా నడిచి వెళ్లారు. చెప్పులు తెగిన కాళ్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్నవారు, భుజము మీద బిడ్డను మోసినవారు. కూలీలను తీసికొని దేశములో మొదటి ప్రత్యేక రైలు మే 1న మన లింగంపల్లి నుండే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరేంతవరకు, అటు తరువాత కూడా, ఆ నడక ఆగలేదు. అన్ని మతములవారు రోడ్డు మీదికి వచ్చి అన్నము పెట్టారు. మా సంఘము కూడా పులిహోర పొట్లాలు, మజ్జిగ పంచింది. ఆ ఏడాది క్రిస్మస్ ప్రసంగములో నేను దానిని కొంత గర్వముగానే చెప్పుకున్నాను.

"సత్రము" అను మాట

మన తెలుగు బైబిలులో "సత్రము" అని ఉన్న చోట (లూకా 2:7) గ్రీకు మూలములో ఉన్న మాట "కటలూమ". ఇదే మాటను లూకా మరియొకసారి వాడాడు. ప్రభువు తన శిష్యులతో పస్కా భుజించుటకు అడిగిన విడిది గదికి కూడా అదే పేరు (లూకా 22:11). మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చిన పూటకూళ్ల ఇంటికి మాత్రము లూకా వేరే మాట వాడాడు (లూకా 10:34). దీనిని బట్టి అనేకమంది బైబిలు పండితులు చెప్పేదేమంటే, అది డబ్బు తీసుకొని గది ఇచ్చే లాడ్జి కాకపోవచ్చు, ఒక కుటుంబపు ఇంటిలో అతిథుల గది కావచ్చు. ఆ దేశపు సామాన్యుల ఇండ్లలో రాత్రివేళ పశువులను ఇంటిలోనే ఒక వారకు కట్టేవారు. మన పల్లెలలో ఇంటిని ఆనుకొని ఉండే పశువుల కొట్టము వంటిదే.

ఇది గ్రహించినప్పుడు మన క్రిస్మస్ నాటికలలో కనబడే దృశ్యము మారిపోతుంది. నాటికలో సత్రపు యజమాని కళ్లెర్రజేసి తలుపు ధడాలున మూస్తాడు. చూస్తున్న మనము "అయ్యో, ఎంత కఠినుడు" అనుకొని, "నేనైతే అలా చేయను" అని సంతోషిస్తాము. కాని ఆ ఇంటివారు కఠినులు కాకపోవచ్చు. చుట్టాలతో ఇల్లు నిండింది. ముందు వచ్చినవారికి, పెద్దవారికి గది ఇచ్చేశారు. ఆలస్యముగా వచ్చిన పేదవారిని వెళ్లగొట్టలేదు. "ఆ ప్రక్కన సర్దుకోండి" అన్నారు.

ప్రియులారా, తలుపు మూయడముకంటె ఇదే మనకు ఎక్కువ దగ్గర. మనలో ఎవరమూ యేసు ప్రభువుతో "పో" అనము. మన ఇంటి గోడ మీద ఆయన పటము ఉన్నది, ద్విచక్ర వాహనము మీద ఆయన పేరున్నది. అయితే ముందు గదిని టీవీకి, చిట్టీకి, ప్లాటు బేరానికి, పిల్లల ర్యాంకులకు, బంధువులతో పంతానికి ఇచ్చేశాము. ప్రభువు వచ్చినప్పుడు గౌరవముగానే "ప్రభువా, ఆ ప్రక్కన కొంచెము సర్దుకో" అంటున్నాము. ఆయన తొట్టిలోనే పడుకుంటాడు. అక్కడినుండి లేచిపోడు. ఇది ఆయన దీనత్వము. దానిని మన ఆతిథ్యమని పొరబడకూడదు.

ఆ శనివారము రాత్రి

ఈ మాటలు నేను ఇతరులకు చెప్పేముందు నా సంగతి చెప్పక తప్పదు.

పంటలు కోతకు వచ్చే కాలము ముగిశాక, నవంబరు, డిసెంబరు నెలలలో పశ్చిమ ఒడిశా జిల్లాల నుండి కుటుంబాలకు కుటుంబాలు హైదరాబాదు చుట్టుపట్ల ఇటుక బట్టీలకు వస్తాయి. ముందుగా తీసికొన్న అడ్వాన్సు తీరేవరకు, అనగా వానలు మొదలయ్యే జూను దాకా, భార్యాభర్తలు ఇటుకలు కోస్తారు. పిల్లలు వెంటే ఉంటారు. మన ఆగమన కాలము మొదలయ్యే వేళకే వారి ఆగమనము కూడా జరుగుతుంది. మన ఊళ్లలో లేస్తున్న అపార్టుమెంట్ల గోడలలో, మన మందిరముల గోడలలో సైతము ఆ చేతులు కోసిన ఇటుకలు ఉండవచ్చు.

లాక్‌డౌన్ గడచిన రెండేండ్లకు, క్రిస్మస్ ముందటి శనివారము రాత్రి, యౌవనస్థులు మందిరములో అలంకరణ ముగించారు. కొత్త కార్పెట్ పరిచాము. పశువుల పాక కట్టి, గడ్డి పరచి, బొమ్మలు నిలబెట్టాము. పదిగంటలప్పుడు గేటు దగ్గర ఒక మనిషి, అతని భార్య, ఆమె భుజము మీద నాలుగేండ్ల పిల్లవాడు కనిపించారు. బట్టీలో పనిచేసేవారు. పిల్లవానికి జ్వరము. ఉదయము ఆసుపత్రిలో చూపించాలి, అంత రాత్రి తిరిగి బట్టీకి పోవడానికి ఆటో లేదు. వచ్చీరాని హిందీలో అతడు అడిగింది ఒక్కటే, "థోడా జగా" అని. కొంచెము జాగ.

నేను మందిరము వైపు చూశాను. కార్పెట్ చూశాను. ఉదయము ఆరాధనకు పెద్దలు వస్తారని తలచాను. "లోపల వద్దు, ఆ సైకిల్ స్టాండు దగ్గర రేకుల క్రింద పడుకోండి" అన్నాను. నా భార్య టీ కాచి ఇచ్చింది, పిల్లవానికి జ్వరపు మందు ఇచ్చింది. నేను దుప్పటి ఇచ్చాను. మంచి పనే చేశాననుకొని ఇంట్లోకి వెళ్లి, మరునాటి ప్రసంగము చివరిసారి చూసుకున్నాను. వాక్యభాగము లూకా రెండవ అధ్యాయము. ప్రసంగపు అంశము "స్థలము లేకపోయెను."

అంశము చదివిన తరువాత కూడా నాకు ఏమీ తోచలేదు. ఇదే నన్ను ఈనాటికీ బాధపెడుతుంది. తెల్లవారుజామున లేచి చూసేసరికి వారు లేరు. దుప్పటి మడతపెట్టి గట్టు మీద ఉంచి వెళ్లారు. మందిరపు కిటికీ క్రింద ఒక రాయి జరిపి ఉన్నది. పిల్లవాడు దాని మీద నిలబడి లోపల దీపాలు వెలుగుతున్న పశువుల పాకను చూసి ఉంటాడని నా భార్య అన్నది. బొమ్మ శిశువుకు మెత్తటి గడ్డి, తలపైన కప్పు, రంగు దీపాలు ఉన్నాయి. జ్వరముతో ఉన్న శిశువుకు సైకిల్ స్టాండు.

ఆ ఉదయము నేను సిద్ధపరచిన ప్రసంగము చేయలేదు. జరిగినది సంఘానికి చెప్పి, క్షమించమని ప్రభువును అడిగాను. సోమవారము ఒక సంఘ పెద్దను వెంటబెట్టుకొని రెండు బట్టీలకు వెళ్లాను. ఎన్నో కుటుంబాలున్నాయి, జ్వరపు పిల్లలు ఎందరో ఉన్నారు. నేను వెదకినవారు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. పేరు అడగాలని కూడా ఆ రాత్రి నాకు తోచలేదు.

తరువాత సంఘ కమిటీలో ఈ విషయము వచ్చింది. సండేస్కూలు గదిని రాత్రివేళ ఆసుపత్రికి వచ్చిపోయే పేదలకు తెరచి ఉంచుదామని ప్రతిపాదించాను. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. మైకు సెట్టు పోతే ఎవరు జవాబుదారి అని ఒకరు, తాగినవారు వస్తే ఎట్లా అని ఒకరు అడిగారు. అవి తీసిపారేయదగిన ప్రశ్నలు కావు. చివరకు స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ లేచి ఇలా అన్నది: "అయ్యగారూ, చాపలున్నయి, దుప్పట్లున్నయి, బువ్వ పెట్టెతందుకు మేమున్నం. లేంది జాగనే గద. అది మన చేతిలనే ఉన్నది."

మైకు సెట్టు బీరువాలోకి, తాళపుచెవి ఆ అమ్మ ఇంటికి చేరాయి. అన్ని రాత్రులూ ఎవరో ఒకరు వస్తారని కాదు. వచ్చినప్పుడు లోపల పడుకుంటారు. ఒకసారి ఒక దుప్పటి పోయింది. ఆ అమ్మ "చలికి కప్పుకున్నోళ్లే గద తీస్కపోయిండ్రు" అని మరొకటి తెచ్చి పెట్టింది. రోడ్డు మీద పొట్లము పంచడము నాకు సులువైనది, ఎందుకంటే పొట్లము అందుకొని వారు ముందుకు సాగిపోయారు. లోపలికి రానివ్వడము కష్టమైనది, ఎందుకంటే నా కార్పెట్ మీద వారి మట్టికాళ్లు పడతాయి.

రొట్టెల ఇల్లు

హెబ్రీ భాషలో బేత్లెహేము అనగా "రొట్టెల ఇల్లు" లేక "ఆహారపు ఇల్లు". ఈ పేరును మన ప్రాంతములో రాతిమీద చూడదలచినవారు మెదక్ వెళ్లాలి. మేడ్చల్ నుండి ప్రతి క్రిస్మస్‌కు మనవారు వందలుగా అక్కడికి పోతారు. ఆ మహాదేవాలయాన్ని మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఆ ప్రాంతాన్ని కరువు పట్టుకున్నప్పుడు, ఆకలితో ఉన్నవారికి ఊరకే దానము వేయక, పని చూపి ఆహారము పెట్టే మార్గముగా ఆయన ఈ కట్టడాన్ని ఎంచుకున్నాడు. పదేండ్లు శ్రమ సాగింది. 1924 డిసెంబరు 25న దేవాలయము ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కు నూరేండ్లు నిండాయి.

దాని గోపురము ఎత్తు 175 అడుగులు, లోపల దాదాపు ఐదువేలమంది పట్టే స్థలము. చూడవచ్చినవారు ఈ లెక్కలు చెప్పుకుంటారు. నాకు మాత్రము ఆ గోడలలో గంజి, రొట్టె కనబడతాయి. మొదట ఆకలిగొన్నవానికి అన్నము, దానిని వెంబడించి దేవునికి మందిరము. మనము తరచుగా మందిరము పూర్తయ్యాక పేదల సంగతి చూద్దామనుకుంటాము. కరువు అంతవరకు ఆగదు.

ఆ దేవాలయములో మరొక పాఠము కూడా ఉన్నది. ప్రభువు జననము, సిలువ, ఆరోహణములను చూపే మూడు రంగు అద్దాల కిటికీలు సూర్యుని వెలుగు పడినప్పుడే కనబడతాయి. సూర్యుడు అస్తమించాక లోపల ఎన్ని విద్యుద్దీపాలు వేసినా ఆ బొమ్మలు తెలియవు. బయట నిలబడి చూసినా పగలు వట్టి నల్లని అద్దములే. క్రిస్మస్ కూడా ఇట్టిదే. మనము వెలిగించే దీపాలు దాని అర్థాన్ని చూపలేవు. పైనుండి వెలుగు పడాలి, మనము లోపల నిలబడాలి.

గుడారము వేసికొన్న దేవుడు

వాక్యము శరీరధారియై మన మధ్య నివసించిన సంగతిని యోహాను వ్రాస్తూ వాడిన గ్రీకు మాటకు "గుడారము వేసికొనుట" అని అర్థము (యోహాను 1:14). అరణ్యములో ఇశ్రాయేలీయుల నడుమ దేవుని గుడారము ఉన్నట్లు, మన మట్టి మీద దేవుడు మనిషియై గుడారము వేశాడు. బట్టీల ప్రక్కన నీలిరంగు టార్పాలిన్ల క్రింద కాపురముండేవారికి ఈ మాట మనకంటె త్వరగా అర్థమవుతుంది.

325వ సంవత్సరములో నైసియాలో కూడిన సంఘాధ్యక్షులు, ఈ శిశువు దేవుని సృష్టిలో ఒకడు కాడని, నిజమైన దేవుడేనని ఒప్పుకున్నారు. 2025తో ఆ సభకు 1700 ఏండ్లు నిండాయి. ఈ సిద్ధాంతము బైబిలు కళాశాలలో పరీక్ష వ్రాసేవారికి మాత్రమేనని తలచవద్దు. తొట్టిలో ఉన్నది ఒక మంచి బోధకుడు మాత్రమే అయితే, దేవుడు ఇంకను పైనే దూరముగా ఉన్నాడని అర్థము. అయితే తొట్టిలో ఉన్నది దేవుడే గనుక, మన జ్వరము, మన అప్పు, మన నిద్రలేని రాత్రి ఆయనకు వినికిడి సంగతులు కావు. ఐశ్వర్యవంతుడు మన నిమిత్తము దరిద్రుడయ్యాడు (2 కొరింథీ 8:9).

ఈ వార్త మొదట ఎవరికి అందినదో చూడండి. మన పల్లెలలో గొల్ల, కురుమ సోదరులు పంట కోసిన చేలలో ఎరువు కొరకు రాత్రి మంద పెడతారు. గొంగడి కప్పుకొని, కుక్కను ప్రక్కన పెట్టుకొని మేలుకొని ఉంటారు. దేవదూతలు అట్టివారి దగ్గరకే వచ్చారు. వారికిచ్చిన ఆనవాలు కిరీటము కాదు, తొట్టి. లూకా ఈ కథలో తొట్టిని మూడుసార్లు పేర్కొన్నాడు (2:7, 12, 16). రాజభవనములో పుట్టి ఉంటే గొంగడి కప్పుకున్న మనిషి గుమ్మము దాటగలిగేవాడా? తొట్టి గనుక తిన్నగా లోపలికి వెళ్లాడు. దేవుడు ఎవరూ వెనుకాడనక్కరలేని చోట పుట్టాడు. మరి మన మందిరపు గుమ్మము దగ్గర వెనుకాడేవారు ఉన్నారంటే, మనమే ఎక్కడో దారి తప్పాము.

మన కుటుంబములలో చేయదగినవి

ఈ కాలమును అర్థవంతముగా గడుపుటకు ఇంటింట చేయగలిగిన కొన్ని సంగతులు చెబుతాను.

1. లూకా సువార్తలో అధ్యాయములు ఇరవైనాలుగు. డిసెంబరు 1 నుండి 24 వరకు రోజుకొక అధ్యాయము కుటుంబ ప్రార్థనలో చదవండి. పండుగనాటికి తొట్టి నుండి సిలువకు, సిలువ నుండి ఖాళీ సమాధికి మీ పిల్లలు ప్రయాణము చేసి ఉంటారు.

2. వడ్డీకి తెచ్చి పండుగ చేయవద్దు. తండ్రులారా, కొత్త బట్టలు లేని క్రిస్మస్‌ను పిల్లలు మరచిపోతారు. ఉగాది దాకా అప్పులవాడు గుమ్మము ముందు నిలబడడము మరచిపోరు.

3. పలకరింపులు లేని అన్నదమ్ములు, అత్తాకోడండ్లు ఎవరైనా మీ ఇంట ఉంటే, ఆగమన కాలము ముగిసేలోగా మీరే ముందు వెళ్లండి. దేవుడు మన దగ్గరకు ముందు వచ్చాడు.

4. పండుగనాడు ఇంటి తల్లి పొయ్యి దగ్గరే ఉండి ఆరాధన పోగొట్టుకోకుండ చూడండి. ఒక కూర తగ్గినా పరవాలేదు. మగవారు ఉల్లిపాయలు కోస్తే విశ్వాసము తరగదు.

5. మీ భోజనపు వరుసలో ఒక విస్తరి అదనముగా వేయండి. మీ వీధిలో వాచ్‌మన్ కుటుంబము, మేస్త్రి దగ్గర కూలివారు, ఒంటరిగా ఉన్న ముసలివారు ఉంటారు. పొట్లము పంపడముతో సరిపెట్టక, లోపలికి పిలచి కూర్చోబెట్టండి. పేరు అడగండి. నేను అడగని ప్రశ్న అది.

6. పండుగను 25తో ముగించవద్దు. జనవరి 6 వరకు ఏదో ఒక దినమున మీ సంఘము దగ్గరలోని బట్టీకో, ఆసుపత్రికో, వృద్ధాశ్రమానికో వెళ్లనివ్వండి. పాటలు పాడి ఫోటోలు దిగి వచ్చే పని కాదు. వారితో కాసేపు కూర్చొని రావడము.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. లూకా సువార్త ఆరంభములో యేసుకు విడిది గది దొరకలేదని చూశాము. అదే సువార్త చివర, సిలువకు ముందు రాత్రి, యెరూషలేములో ఒక ఇంటి యజమానుడు తన విడిది గదిని, సామగ్రితో సిద్ధపరచిన పెద్ద మేడగదిని ఆయనకు ఇచ్చాడు (లూకా 22:10-13). ఆ యజమానుని పేరు వ్రాయబడలేదు. ఆయన చేసినదల్లా ఉన్న గదిని ఖాళీగా ఉంచి, అడిగినప్పుడు తలుపు తెరవడము. అక్కడే ప్రభువు రొట్టె విరిచాడు. మొదట దొరకని జాగ చివరకు ఒకరి ఇంట దొరికింది.

మీ ఇంట అట్టి గది ఉండును గాక. ఈ సంవత్సరము ఆయనను ప్రక్కన సర్దుకొమ్మనక, ముందు గదిలోకి పిలుతుము గాక.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుడు మా యొద్దకు వచ్చినప్పుడు ఆయనను గుర్తించు కన్నులు మాకిమ్ము. మా అలంకరణల నిమిత్తము నీ బిడ్డలను బయట ఉంచిన పాపమును క్షమించుము. ఆ రాత్రి మా గుమ్మము నుండి వెళ్లిపోయిన చిన్నవానిని, వాడు ఎక్కడ ఉన్నను, నీ రెక్కల క్రింద దాచుము. ఇక మీదట ఎవరు అడిగినను జాగ లేదని మా నోట రాకుండ కాపాడుము. తొట్టిలో పరుండిన మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.